పాలు పితికే చేతులకు కీళ్లవాతం వస్తే: నా పదిహేను నెలలు

నా చేతుల్లో ఏదో తేడా ఉందని నాకంటే ముందు మా ఊరి పాల కేంద్రంలో ఫ్యాట్ మిషన్ కనిపెట్టింది. 2023 నవంబరు దాకా మా పాలకు 7.2, ఒక్కోసారి 7.4 వెన్న వచ్చేది. డిసెంబరు మొదటి బిల్లులో 6.3కి పడిపోయింది. పాలు పోయించుకునే కుర్రాడు "ఏంటి పిన్నీ, నీళ్లు గానీ కలుపుతున్నావా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి తవుడు మార్చాను, పత్తిచెక్క పెంచాను. తర్వాతి బిల్లులో 6.2. పొదుగులో చివర మిగిలే పాలల్లోనే వెన్న ఎక్కువ ఉంటుందని పాడి చేసేవాళ్లందరికీ తెలుసు. ఆ చివరి పాలు పిండే శక్తి నా వేళ్లకు పోయింది. నేను మాత్రం గేదె సరిగ్గా చేపడం లేదని, అంటే పాలు కిందికి దించడం లేదని దాన్నే తిట్టుకుంటూ కూర్చున్నాను.

మాది దుగ్గిరాల దగ్గర ఊరు. నాకు 44 ఏళ్లు. ఇదంతా మొదలయ్యేనాటికి ఇంట్లో ఐదు పశువులు. మూడు పాలమీద, ఒకటి వట్టిపోయింది, ఒకటి ఇంకా ఈనని పడ్డ. పదహారో ఏట మా అమ్మ దగ్గర నేర్చుకున్నప్పటి నుంచి రెండు పూటలా పితుకుతూనే ఉన్నాను. (ఇది కూడా నేను వేళ్లతో టైపు చేయలేదు. ఫోన్లో నోటితో చెబుతుంటే అదే రాసుకుంది, తప్పులు మా అమ్మాయి దిద్దింది.)

మొదట్లో నొప్పి అని కూడా అనిపించలేదు. నాలుగింటికి లేస్తే వేళ్లు నావి కానట్టు ఉండేవి. రాత్రంతా ఎవరో చేతులకు బిగుతుగా గుడ్డ చుట్టినట్టు. పాలక్యాను మూత తిప్పడానికి కుడిచెయ్యి చాలక రెండు మణికట్ల మధ్య ఇరికించి తిప్పేదాన్ని. అరగంటలో సర్దుకునేది. సంక్రాంతికి వచ్చేసరికి ఆ అరగంట గంటన్నర అయింది. పది దాటితే మాత్రం అంతా మామూలే. గిన్నెలు తోముతాను, బట్టలు పిండుతాను. అందుకే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. వాళ్లను అనడం ఎందుకు, పదింటి తర్వాత నాకే నమ్మకం ఉండేది కాదు.

ఒకరోజు కావాలని లెక్కపెట్టాను, ఒక్క గేదెకు ఎన్నిసార్లు పిండుతున్నానో. నాలుగు వందలు దాటాక లెక్క తప్పింది. అలాంటివి మూడు గేదెలు, రెండు పూటలు. పైగా గేదె చన్ను ఆవు చన్నులా కాదు, గట్టిగా పిండితే గానీ ధార రాదు. మా అమ్మ నాకు నేర్పింది బొటనవేలు మడిచి దాని కణుపుతో నొక్కి లాగడం. మా వీధిలో సగం మంది అలాగే పితుకుతారు. అది చన్నుకూ చెడే, వేలికీ చెడే అని నాకు చెప్పినవాళ్లు 28 ఏళ్లలో ఒక్కరూ లేరు.

2024 భోగి ముందు రోజు అరిసెలు వండుతున్నాం. నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య వత్తాల్సింది నేనే, ఎప్పుడూ నా పనే అది. మూడో అరిసెకే చేతులు వణికాయి. అత్తయ్య ఏమీ అనకుండా చెక్కలు నా చేతిలోంచి తీసుకుంది. అత్తయ్యకు 70 ఏళ్లు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక సలహాలు మొదలయ్యాయి. చికున్‌గున్యా తాలూకు నొప్పులు అన్నారు కొందరు. నాకు జ్వరమే రాలేదు. పసుపు పట్టు వేయమన్నారు. దుగ్గిరాల పక్కన ఉన్నవాళ్లకు పసుపుకు కొదవా, నెల రోజులు వేశాను. చేతులు పచ్చగా అయ్యాయి, పాల కేంద్రంలో పేరంటానికి వెళ్లొచ్చావా అని అడిగారు. ఆముదం, ఇసుక కాపడం కూడా అయ్యాయి. వేడి తగిలినంతసేపు హాయిగానే ఉండేది, అది నిజం.

జనవరి చివర్లో సుడిదానికి పొదుగువాపు వచ్చింది. (నుదుటి మీద సుడి ఉంటుంది, అందుకే ఆ పేరు.) పాలు పూర్తిగా తీయకుండా పొదుగులో వదిలేస్తే వచ్చే జబ్బుల్లో అదొకటి. ఒక చన్నులోంచి పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. పశువుల డాక్టరు మందులకు 1,800 అయ్యాయి, ఎనిమిది రోజుల పాలు పారబోశాం. మా ఆయన "పాలు తీయడం కూడా రాకుండా పోయిందా నీకు?" అన్నాడు. కొట్టంలో పేడతట్ట పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుపు ఆయన మాటకు కాదు. దానికి జబ్బు తెచ్చింది నా చేతులే అని అప్పుడు అర్థమైంది, అందుకు.

ఫిబ్రవరి 1న మాకు అందుబాటులో ఉండే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాను. ఒక సూది, మూడు రకాల మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. పేరు లేదు, చీటీ లేదు. రెండో రోజు తెల్లవారుజామున పిడికిలి బిగిసింది! ఇన్ని రోజుల తర్వాత ఠక్కున బిగిసింది. ఆ ఆనందం ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇప్పుడు ఆ మాత్రలు వాడేవాళ్లను చూసినా నాకు కోపం రాదు. ఫ్యాట్ మళ్లీ 7.1కి వచ్చింది. మూడు రోజులకోసారి వెళ్లి పొట్లం తెచ్చుకునేదాన్ని, పొట్లానికి 60. అలా పది వారాలు.

ఆకలి విపరీతంగా వేసేది. మొహం గుండ్రంగా ఉబ్బింది. ఊళ్లో వాళ్లు "ఒళ్లు చేశావే" అన్నారు. ఉగాదికి ముందు ఏఎన్ఎమ్ అమ్మాయి ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసింది. రెండూ ఎక్కువే చూపించాయి. ఏం మందులు వాడుతున్నావని అడిగి, పొట్లం విప్పి, చిన్న తెల్లమాత్ర పక్కకు తీసి పెట్టింది. "ఇది స్టెరాయిడ్ లాగుంది అక్కా. ఇలా వాడకూడదు. కానీ ఒక్కసారిగా ఆపొద్దు, ముందు పెద్ద డాక్టర్ని అడుగు" అంది. నేను ఆ మాటలో మొదటి సగమే చెవికెక్కించుకున్నాను. ఏప్రిల్ 9 ఉగాది. పదో తారీఖు నుంచి అన్నీ ఆపేశాను.

వారం తిరక్కుండా మంచం పట్టాను. అంతకుముందు వేళ్లే. ఇప్పుడు మణికట్లు, మోకాళ్లు, దవడ కూడా. అన్నం ముద్ద నమలాలంటే నొప్పి. జడ వేసుకోలేను, జాకెట్టు హుక్కులు అత్తయ్య పెట్టేది. నలభై నాలుగేళ్ల మనిషికి అత్తగారు హుక్కులు పెడుతుంటే ఎలా ఉంటుందో రాయలేను.

ఏప్రిల్ 24న టౌన్లో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రే అన్నారు. గాజులు, ఉంగరం తీయమన్నాడు టెక్నీషియన్. మట్టిగాజులు మణికట్టు వాపు దాటి రావడం లేదు. సబ్బు రాశారు, కొబ్బరినూనె రాశారు. చివరికి నర్సు గాజుకు గుడ్డ చుట్టి ఒక్కొక్కటే చిట్లగొట్టింది. పన్నెండు గాజులు. మా ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ఉంగరం మాత్రం అక్కడ కుదరలేదు, కంసాలి దగ్గరికి వెళ్లి కోయించుకుని మళ్లీ వచ్చాం. చేతులు వాచినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఉంగరాలు ఇవాళే తీసి బీరువాలో పెట్టండి.

అంతా అయ్యి డాక్టరు ముందు కూర్చునేసరికి పన్నెండున్నర. ఆ వేళకు నా వేళ్లు కాస్త వదులయ్యాయి. పిడికిలి బిగించమన్నారు, ముక్కుతూ మూలుగుతూ బిగించాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. "వయసు, కాల్షియం తక్కువ, పని ఎక్కువ. రెస్ట్ తీసుకోమ్మా." ఆ మాట గేదెలకు ఎవరు చెబుతారు? మొత్తం 1,450 అయింది, ఒక ఆయింట్‌మెంటు ట్యూబు మిగిలింది.

నా జబ్బుకు దారి చూపించింది ఎవరో చెబితే నవ్వుతారు. మే మొదటి వారంలో మా గోదారి గేదెకు ఎదసూది (చూడి కట్టడానికి వేసే సూది) వేయడానికి పశువైద్య సహాయకుడు వచ్చాడు. పలుపు విప్పడానికి నేను పడే తంటా చూశాడు. చేతులు చాపమన్నాడు. "రెండు చేతులకూ ఒకేచోట వాచింది చూడక్కా. మా అమ్మకూ ఇలాగే. ఇది ఎముకల డాక్టరు చూసేది కాదు, రుమటాలజిస్టు అని వేరే ఉంటారు, గుంటూరు వెళ్లు" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది లక్ష రూపాయల మాట. "పొద్దున్నే చేతులు ఎలా ఉంటున్నాయో ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్లు. మా పశువులైనా అంతే, డాక్టరు వచ్చేసరికి బాగానే నిలబడతాయి."

మే 8న గుంటూరుకు ఫోను చేస్తే 27కు తారీఖు ఇచ్చారు. పంతొమ్మిది రోజులు. మధ్యలో 13న ఓట్లు. ఎడమ చూపుడువేలికి సిరా పెట్టే ఆవిడ వేలు పట్టుకోగానే నేను కేక పెట్టాను. బూత్‌లో అందరూ తిరిగి చూశారు. ఆవిడ భయపడిపోయి, తర్వాత పుల్లతో తాకీ తాకనట్టు గీత గీసింది.

వీడియో మే 25న తీశాను. తెల్లవారుజామున 4.20. ఫోను కొట్టం గోడ మీద ఆనించి, బల్బు కిందకు చెయ్యి చాపి మడవడానికి చూశాను. నలభై సెకన్లు. చిటికెనవేలు, ఉంగరపు వేలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి, మిగతావి అసలు కదల్లేదు. వెనక సుడిది అరవడం వినిపిస్తుంది, ఆలస్యమైందని.

మే 27, సోమవారం. తొమ్మిదింటికి పేరు రాయించుకుంటే పన్నెండుంపావుకు పిలిచారు. ఫీజు 700. డాక్టరమ్మ ముందు నా అరచెయ్యి అడ్డంగా పట్టుకుని వేళ్ల మొదటి కణుపులు మెల్లగా నొక్కింది. ప్రాణం పోయింది. వేళ్ల చివరి కణుపులు నొక్కితే ఏమీ లేదు. పొద్దున్న బిగుసు ఎంతసేపు ఉంటోందని అడిగింది. గంటన్నర, రెండు గంటలు అని చెప్పి వీడియో చూపించాను. రెండుసార్లు చూసింది. "ఇది చాలమ్మా, నువ్వు ఇంకేం చెప్పక్కర్లేదు" అంది. అన్ని నెలల్లో నన్ను నమ్మిన మొదటి మాట అది.

తర్వాత అడిగినవి విని నేను ఆశ్చర్యపోయాను, అన్నీ గేదెల గురించే. మీ కొట్టంలో ఏ గేదైనా ఈసుకుపోయిందా, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయిందా? ఈనినప్పుడు మాయ ఉత్తి చేత్తో తీస్తారా? ఇంట్లో గుమ్మపాలు, అంటే పితికిన పాలు కాచకుండా తాగుతారా? 2022లో ఒకటి ఏడో నెలలో ఈసుకుపోయింది, మాయ నేనే తీశాను. గుమ్మపాలు మా ఆయన చిన్నప్పటి నుంచీ తాగుతాడు. పశువుల్లో ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా మనుషులకూ అంటుకుంటుందట, విడవని జ్వరమూ కీళ్ల నొప్పులూ వస్తాయట. పశువులతో ఉండేవాళ్లకు అదీ చూడాలని ఆ రక్తపరీక్ష కూడా రాసింది. కీళ్లవాతాన్ని పట్టిచ్చే ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ, కాలేయం, కిడ్నీలు, కామెర్ల వైరస్‌లు, ఛాతీ ఎక్స్‌రే, చేతుల ఎక్స్‌రే మళ్లీ. అన్నీ కలిపి 5,200. ఇంటి నుంచి 4,000 తీసుకెళ్లాం. మిగతాది మా తమ్ముడు ఫోన్‌పే చేశాడు.

30న మళ్లీ వెళ్లాం. బ్రూసెల్లా లేదు. యాంటీ సీసీపీ బాగా ఎక్కువ, ఈఎస్ఆర్ 68. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. ఒంట్లో జబ్బులతో పోరాడాల్సిన శక్తి దారి తప్పి మన కీళ్ల మీదే పడటం అని చెప్పింది. పేరు తెలిసినందుకు సగం బరువు దిగింది. "ఎన్నాళ్లు వాడాలి?" అంటే "చాలా ఏళ్లు. చాలామందికి జీవితాంతం" అంది. దిగిన బరువు మళ్లీ ఎక్కింది.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. దానికి వేరే రోజు ఫోలిక్ యాసిడ్. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజూ, దానికోసం కళ్లు ఒకసారి చూపించుకోవాలి. (600 అయింది.) ఇవి పట్టేదాకా తక్కువ మోతాదు స్టెరాయిడ్. ఆ పేరు వినగానే లేచి నిలబడ్డాను. ఆర్‌ఎంపీ ఇచ్చిందీ ఇదే జాతి మందు కావచ్చు కానీ ఎంత ఇచ్చాడో, ఎప్పుడు ఆపాలో లెక్క లేదు, నేను నీకు ఎనిమిది వారాల్లో తగ్గించి మాన్పిస్తాను అంది. అలాగే మాన్పించింది. పిల్లలు కలగాల్సిన వయసు కాదు కదా అని కూడా అడిగింది. నాకు ఆపరేషన్ అయి పద్దెనిమిదేళ్లు. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు ప్రమాదమట, చిన్న వయసువాళ్లు ఆ సంగతి మొహమాటపడకుండా ముందే చెప్పాలి.

ఇక్కడే పెద్ద గండం తప్పింది. మందుల షాపులో కుర్రాడు మెథోట్రెక్సేట్ కవరు మీద "రోజూ రాత్రి 1" అని పెన్నుతో రాసిచ్చాడు. డాక్టరమ్మ మాత్రం మూడుసార్లు చెప్పింది, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని. చీటీలోనూ "శనివారం మాత్రమే" అని తెలుగులో రాసింది. నేను కవరు వెనక్కిచ్చి చూపిస్తే "సారీ ఆంటీ" అన్నాడు, అంతే. ఇప్పుడు ఆ అట్ట మీద మా అమ్మాయి ఎర్ర స్కెచ్‌పెన్‌తో "శని" అని పెద్దగా రాసిపెడుతుంది.

జూన్ 1, శనివారం రాత్రి మొదటి మాత్ర. ఆదివారం పొద్దున దాణా నానబెట్టిన వాసనకు వాంతి వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా పీల్చిన వాసన. నాలుగైదు వారాలు ఆదివారాలు అలాగే ఉండేవి, తర్వాత తగ్గింది. శనివారం ఎందుకు పెట్టుకున్నానంటే ఆదివారం మా వాడికి కాలేజీ ఉండదు, కుడితి వాడు పెడతాడు.

మందు పట్టడానికి 6 నుంచి 12 వారాలు అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆరు వారాలు పాలు పితకొద్దని కూడా చెప్పింది. నాకు జబ్బు కంటే ఆ మాటే పెద్ద టెన్షన్. మా ఆయనకు దున్నడం, కోయడం, బండి తోలడం వచ్చు, పాలు పితకడం రాదు. నేర్చుకుందామని కూర్చుంటే సుడిది దగ్గరికి రానివ్వలేదు, ఒక్క తన్ను తన్నింది, బకెట్టు గోడకు తగిలింది. అత్తయ్య నా పాత చీర తెచ్చి ఆయన భుజాల చుట్టూ కప్పింది. నా వాసన, నా రంగు. అది మూతి చాపి చీర వాసన చూసింది, దూడ రెండు గుటకలు తాగాక చేపింది. మీసాలాయన పూల చీర కప్పుకుని గేదె కింద కూర్చుంటే వీధిలో పిల్లలు గేటు పట్టుకుని చూశారు. ఆయన మాత్రం పది రోజులు సిగ్గు పడకుండా కూర్చున్నాడు. జనవరిలో అన్న మాటకు నేను అప్పుడే క్షమించేశాను. ఆయనకు తెలీదు.

పది రోజులకు ఆయన బొటనవేళ్లు వాచాయి. ఒక మనిషిని పెట్టాం, గేదెకు నెలకు 1,200. అతను నాలుగిళ్లు తిరిగి వస్తాడు, ఒకరోజు మూడున్నర, ఒకరోజు ఆరు. వేళ తప్పితే గేదె పాలు ఎగ్గడుతుంది. పూటకు రెండు లీటర్లు తగ్గాయి. జూన్ 20న వట్టిపోయినదాన్నీ, పాలమీదున్న ఒకదాన్నీ అమ్మేశాం. పాలదానికి 62 వేలు వచ్చాయి. లారీ ఎక్కేటప్పుడు నేను లోపలికి వెళ్లిపోయాను.

ఆ డబ్బులో 46 వేలు పెట్టి జూలై 12న పాలు పితికే బకెట్టు మిషను ఒకటి కొన్నాం. కొనేటప్పుడు చెప్పనివి కొన్ని ఉంటాయి. తెచ్చిన రోజే తగిలిస్తే గేదె చస్తే ఒప్పుకోదు. మేం వారం రోజులు మోటారు మాత్రం కొట్టం చివర నడిపాం, దాణా పెట్టేటప్పుడే ఆన్ చేసేవాళ్లం, ఆ చప్పుడు తిండి చప్పుడని అలవాటవ్వాలని. గేదె చేపక ముందు చన్నులకు మిషను కప్పులు తగిలించకూడదు, పాలు అయిపోయాక ఉంచకూడదు, రెండూ చన్నులు పాడుచేస్తాయి. చివర చేత్తో చూసుకోవడం తప్పదు, కానీ నాలుగు వందలసార్లు పిండడం ఎక్కడ, ముప్ఫైసార్లు ఎక్కడ. కరెంటు సరిగ్గా నాలుగున్నరకే పోతుంది. మా ఇన్వర్టరు ఆ మోటారును లాగలేదు, ఆ రోజుల్లో చీరే గతి. ఇంకొకటి, మిషను గొట్టాలు రోజూ వేడినీళ్లతో కడగాలి. విసుగు పని అనుకున్నాను గానీ పొద్దున్నే పది నిమిషాలు వేడినీళ్లలో చేతులుంటే వేళ్లు వాటంతటవే విచ్చుకుంటున్నాయి. దాంతో కడగడం వెనక్కాల కాకుండా ముందు చేస్తున్నాను. పొదుగు కడిగే గోరువెచ్చని నీళ్లూ ఆ పొయ్యి మీదే.

చేతులను కాపాడుకునే చిన్న పనులు గుంటూరు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి కొన్ని నేర్పింది, కొన్ని మేమే కనిపెట్టాం. పిడి ఎంత సన్నగా ఉంటే వేళ్లు అంత బిగించాలి, అదే అసలు బాధ. కొడవలి పిడికీ, బకెట్టు చెవికీ, పేడ పారకీ పాత సైకిలు ట్యూబు చుట్టేశాం. పలుపు ముళ్ల బదులు కొక్కేలు పెట్టాం, ఒక్కోటి 40 రూపాయలు. నేను చేసిన ఖర్చుల్లో అంత సుఖమిచ్చింది ఇంకోటి లేదు. జనుము, పిల్లిపెసర కోత మా ఆయనకు వదిలేశాను. పాల బకెట్టు వేళ్లతో వేలాడదీయను, ముంజేతుల మీద ఎత్తుకుంటాను. రాత్రి మణికట్టుకు పట్టీ, 450. చేత్తో పితకాల్సి వస్తే బొటనవేలు మడవను, చన్ను పిడికిట్లోకి తీసుకుని పైనుంచి కిందికి వేళ్లు ఒక్కొక్కటిగా మూస్తాను. పాత అలవాటు పోవడానికి రెండు నెలలు పట్టింది, ఇప్పటికీ తొందరలో బొటనవేలు లోపలికి పోతుంది.

నెలకోసారి రక్తపరీక్ష, 900. ఆగస్టు రిపోర్టులో కాలేయం అంకె కొంచెం పెరిగింది. ఫోన్లో అడిగితే మెథోట్రెక్సేట్ రెండు వారాలు ఆపి మళ్లీ పరీక్ష చేయించుకుని రమ్మంది. సెప్టెంబరు 2న వెళ్లాలి. ఒకటో తారీఖున వరద. విజయవాడ మునిగింది, కృష్ణ ఒడ్డున లంకల్లో మేత పోయింది, మా ఆయన వరిగడ్డి కోసం తిరిగాడు. నేను గుంటూరు వెళ్లింది 18న. అంటే రెండు వారాలు ఆపాల్సిన మందు నాలుగు వారాలు ఆగింది. వేళ్లు మళ్లీ పట్టేశాయి. ఇన్నాళ్ల మందూ నీళ్లపాలే అనుకుని బస్సులో ఏడుస్తూ వెళ్లాను. అంకె మామూలుకు వచ్చింది, మోతాదు కొంచెం తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. ఫోను చేస్తే పరీక్ష మీ ఊరికి దగ్గర్లోనే చేయించి పంపమని చెప్పేదాన్ని కదా అంది. ఆ ఆలోచన నాకు రాలేదు.

అక్టోబరు 6, ఆదివారం. లేచి పొయ్యి వెలిగించాను, పాలక్యాను మూత తీశాను, నీళ్లు పోశాను. అప్పుడు గుర్తొచ్చింది, మూత వేళ్లతో తిప్పి తీశానని. మళ్లీ బిగించి మళ్లీ తిప్పాను. ఎవరినీ లేపలేదు.

ఇప్పుడు 2025 ఫిబ్రవరి. పొద్దున్న బిగుసు పది, పదిహేను నిమిషాలు. చలి ఎక్కువున్న రోజు అరగంట. ఎడమ ఉంగరపు వేలు పూర్తిగా చాపడం కుదరదు, ముందే వచ్చి ఉంటే కుదిరేదని డాక్టరమ్మ అంది. మందులకు నెలకు 650. పరీక్షలు, ఫీజులు, బస్సులు, ఆర్‌ఎంపీ పొట్లాలు అన్నీ కలిపితే 25 వేలు దాటింది, మిషను కాక. షుగరు మామూలుకొచ్చింది, మొహం కూడా. పెయ్యదూడకు ఐదో నెలలో బ్రూసెల్లా టీకా వేయించాం, పశువుల ఆసుపత్రిలో ఉచితమే. మాయ తీయడానికి మోచేతి దాకా వచ్చే గ్లవుజులు తెచ్చిపెట్టాను. మా ఆయన గుమ్మపాలు మానేశానంటాడు, మీసాల మీద నురగ మాత్రం అప్పుడప్పుడు కనిపిస్తుంది.

ఫ్యాట్ ఇప్పుడు 7 దగ్గర నిలబడింది. గోదారి గేదె మిషనుకు అలవాటుపడిపోయింది, మోటారు చప్పుడుకే చేపుతుంది. సుడిది ఏడు నెలలైనా కప్పు తగిలించనివ్వలేదు. ఇప్పుడు చూడితో ఉంది, మే నెలలో ఈనుతుంది. అమ్మేద్దామని మా ఆయన, ఉంచుదామని అత్తయ్య. నన్ను అడిగితే మేలో నా వేళ్లు ఎలా ఉంటాయో చూసి చెబుతానన్నాను. ఈలోగా రోజూ దాణా పెట్టేటప్పుడు ఉత్తి కప్పులు దాని పొదుగు దగ్గర ఊపుతున్నాను. నిన్న తన్నలేదు.